నాన్న మానేసిన ఉప్పు

పోయిన ఆదివారం మా అమ్మాయి సుధ మంగళగిరి నుంచి వచ్చింది. రాగానే చేసే పని ఒకటుంది దానికి. వాళ్ళ నాన్న మంచం పక్క బల్ల మీదుండే బీపీ మిషను తీసి మీటలు నొక్కి చూస్తుంది. అది తనే కొనిచ్చింది. అందులో ఇద్దరు మనుషుల అంకెలు విడివిడిగా గుర్తుంటాయట. ఒకటో మీట నొక్కితే మా ఆయనవి, రెండోది నొక్కితే నావి కనిపించాలి. ఒకటో మీట నొక్కి వరసగా చూసుకుంటూ పోయి, "పర్లేదు నాన్నా, బాగానే ఉంది" అని మెచ్చుకుంది. తరవాత రెండోది నొక్కింది. తెర మీద అడ్డగీతలు తప్ప ఏమీ లేవు. "అమ్మా, నీవేవీ?" అంది. నేను పొయ్యి దగ్గర ఆయనకి కొర్రజావ కలుపుతున్నాను. వెనక్కి తిరక్కుండానే "నాకేమే, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాను. అన్నాక నా చేతిలో గరిటె ఆగిపోయింది. మాట నాదే, గొంతు మాత్రం అచ్చం మా అమ్మది.

అప్పటినుంచీ నాకు ఒళ్ళు మండుతోంది. ముందు మా ఆయన మీద మండింది. రోజూ పొద్దున్నే పార్కులో స్నేహితులతో నాలుగు చుట్లు నడిచి, అందరూ కలిసి చేతులెత్తి గట్టిగా నవ్వే కార్యక్రమం కూడా ముగించుకుని, ఇంటికొచ్చి "జావ అయిందా?" అని అడిగే మనిషి, ఆ రెండో మీట ఎవరిదని ఒక్కనాడూ అనుకోలేదు. తరవాత సుధ మీద మండింది. కొనిచ్చిన రెండేళ్ళకా నీకు అమ్మ గుర్తొచ్చింది? ఆ మంట అటూ ఇటూ తిరిగి చివరికి నా దగ్గరికే వచ్చి కూర్చుంది. ముప్పై ఏళ్ళకి పైగా బడిలో సైన్సు చెప్పినదాన్ని. సమతులాహారం బొమ్మ కళ్ళు మూసుకుని బోర్డు మీద గీయగలను. పైగా ఇదే తంతు మా పుట్టింట్లో ఒకసారి ముందు వరసలో కూర్చుని చూశాను. చూసీ బుద్ధి రాలేదంటే నన్నేమనాలి? కోపం వచ్చినప్పుడు రాయడం తప్ప నాకు వేరే విద్య రాదు, అందుకని రాస్తున్నాను.

మా ఊరు సత్తెనపల్లి నుంచి ఎర్రబస్సులో ముప్పావు గంట. నల్లరేగడి నేల, ఒక చెక్కలో పత్తి, ఒక చెక్కలో మిరప. ఎనభైల్లో అందరిళ్ళూ ఒకటే తీరు. మాఘం వచ్చిందంటే ఊరు ఊరంతా ఎర్రబడేది. మా దొడ్డి వెనకే కళ్ళం, అక్కడ కాయ ఎండబోస్తే ఆ ఘాటు వంటింట్లోకీ, పరుపుల్లోకీ, నా పుస్తకాల్లోకీ వచ్చేది. కొత్తగా వచ్చిన చుట్టం గడప దాటగానే తుమ్మేవాడు, మేం నవ్వేవాళ్ళం. అమ్మ కోడి కూయకముందే లేచి కల్లాపి చల్లి, పాలు పితికి, మజ్జిగ చిలికి, అందరికీ వండి పెట్టి, పొద్దెక్కేసరికి కళ్ళంలో కూర్చుని కూలీలతో పాటు తాలుకాయ ఏరేది. మచ్చపడి తెల్లబోయిన కాయని తాలు అంటారు, అది మంచికాయలో కలిస్తే మిర్చి యార్డులో ధర పడిపోతుంది. అమ్మ చేతివేళ్ళు ఎప్పుడూ మండుతూ ఉండేవి. సాయంత్రం వేళ్ళు మజ్జిగలో ముంచుకుని కాసేపు ఊరికే కూర్చునేది. అమ్మ ఊరికే కూర్చోవడం నేను చూసింది ఆ కాసేపే.

ఇక తిండి సంగతి. నాన్న కంచంలో అన్నం తెల్లగా కనిపించేది పెరుగు దగ్గర ఒక్కచోటే, అదీ మాగాయ ముక్క పడేదాకానే. మొదటి ముద్ద కొరివికారం. పండుమిరపకాయలూ చింతపండూ కళ్ళుప్పూ కలిపి రోట్లో దంచిన ఆ పచ్చడిలో నెయ్యి వేసుకుని, కంట్లో నీళ్ళు తిరుగుతుంటే తల ఊపుతూ తినేవాడు. తరవాత కూర, దాంట్లోకి ఊరమిరపకాయలు. పప్పులోకి గోంగూర, చారులోకి అప్పడం, పెరుగులోకి మాగాయ. ఎంత వేసినా "ఉప్పు చాల్లా" అని పిడికెడు కళ్ళుప్పు పక్కన పెట్టించుకునేవాడు. మా నాయనమ్మ కొడుకు పక్కనే కూర్చుని విసురుతూ, "రైతు తినాల్సిన తిండి అదే" అని మురిసిపోయేది. కూరగాయలంటే మా ఇంట్లో పచ్చడికి ఆధరువు మాత్రమే, దాంతో పొట్ట నింపుకోవచ్చని ఎవరికీ తెలీదు.

నేను తొమ్మిదో క్లాసులో ఉండగా, నాన్న మిరపకాయ కుక్కిన టిక్కీ బస్తాలు లారీకెత్తించుకుని గుంటూరు యార్డుకి వెళ్ళాడు. అక్కడ ఎండలో నిలబడి నిలబడి, కళ్ళు తిరిగి బస్తాల మధ్య పడిపోయాడు. ఊరివాళ్ళెవరో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మర్నాడు సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, ఎవరో తనని నలుగురిలో తిట్టినట్టు చెప్పాడు. "ప్రెషర్ అంట. ఉప్పు మానెయ్యాలంట. పచ్చళ్ళు ముట్టుకోకూడదంట. పొద్దున్నే లేచి ఊరికే నడవాలంట. లేకపోతే కాలూ చెయ్యీ పడిపోద్దని మొహం మీదే చెప్పాడు."

గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఆ మాటకి తలుపు పట్టుకుంది. ఎందుకంటే ఆ రోగం ఎట్లా ఉంటుందో ఆ ఇంట్లో అమ్మ ఒక్కదానికే తెలుసు. వాళ్ళ నాన్న, అంటే మా తాత, ఒక పక్క పడిపోయి మూడేళ్ళు మంచంలో ఉండి పోయాడు. అమ్మే ఆయనకి నోట్లో పెట్టింది. అంతమందిమి ఉన్నాం, నాన్నకి వచ్చిన రోగం గురించి అన్ని రాత్రులు మాట్లాడుకున్నాం, ఆ జబ్బు నెత్తుట్లో ఉన్నది అమ్మకి కదా అని ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాటి నుంచి మా ఇంట్లో చప్పిడి కూడు మొదలైంది. అమ్మ సొరకాయ, బీరకాయ, తోటకూర ఉప్పు లేకుండా వండి, నిమ్మకాయ పిండి, జీలకర్ర పొడి చల్లి, ఎట్లాగో రుచి పుట్టించాలని తంటాలు పడేది. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కంచం తోసేసేవాడు. "ఉప్పూ కారం తినకపోతే మనిషికి రోషం ఎట్టా వస్తదే? నేనేమన్నా బాలింతనా?" అని అరిచేవాడు. నాయనమ్మ కొడుకు వైపే. "డాక్టర్లదేవుంది, ఏదో ఒకటి చెప్పాలిగా. ఒక్క ముక్క ఎయ్యవే ఆడికి" అనేది. అమ్మ మాత్రం కదల్లేదు. అత్తగారికి ఎదురు చెప్పి ఎరగని మనిషి, జాడీల మూతలకి గుడ్డ కట్టి, అటక మీదికెక్కించి, నిచ్చెన తీసేసింది. "నన్ను తిట్టినా సరే, కొట్టినా సరే. మా నాన్నని చూశాను. ఈయన్ని అట్టా చూడలేను" అంది. కాపలా ఉద్యోగం నాకిచ్చింది.

ఆ ఉద్యోగం నేను శ్రద్ధగా చేశాను. నాన్న టీ కొట్టులో మిరపకాయ బజ్జీ ముందు కూర్చుంటే వెళ్ళి ఎదురుగా నిలబడేదాన్ని. ఒకసారి కళ్ళంలో అటు తిరిగి కూర్చుని ఏదో నములుతుంటే వెనకనుంచి వెళ్ళి చూశాను. పంచె కొంగున కళ్ళుప్పు మూట కట్టుకుని, పచ్చి ఉల్లిపాయ అద్దుకుని తింటున్నాడు. నన్ను చూసి, "కాయ కారం చూడొద్దా? ఉప్పు లేకపోతే కారం తెలవదు" అన్నాడు, మిరపకాయ వంక కూడా చూడకుండా. నేను మూట విప్పి ఉప్పు నేల మీద పోశాను. ఉప్పు తొక్కితే పాపమని నాయనమ్మ చీవాట్లు పెట్టింది, అమ్మ మాత్రం ఆ పూట నాకు రెండు గరిటెలు మీగడ వేసింది.

తిండి కంటే నడక పెద్ద గొడవైంది. మా ఊళ్ళో పని లేకుండా నడిచే మనిషి లేడు. పొద్దున్నే ఒక పెద్దమనిషి వట్టి చేతులతో రోడ్డున పడి పోతుంటే, ఎదురైన ప్రతివాడూ "ఏందయ్యా, యాడికి?" అంటాడు. ఏమని చెప్పాలి? ప్రెషర్ అని చెప్తే జాలి పడతారు, ఊరికే అంటే పిచ్చి అంటారు. రెండు రోజులు చూసి నాన్న ఒక ఉపాయం పన్నాడు. ఖాళీ చెంబు ఒకటి చేత్తో పట్టుకుని బయల్దేరేవాడు. చెంబు చేతిలో ఉన్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. అట్లా డొంక దాకా వెళ్ళి, అక్కణ్ణించి వాగు దాకా వెళ్ళి, మళ్ళీ చెంబుతోనే తిరిగొచ్చేవాడు. కానీ రోజుకి గంటసేపు చెంబుతో తిరగడం ఊరి కంట పడకుండా ఉంటుందా? "ఆయనకి విరేచనాలు కట్టట్లేదంటగా" అని పక్కింటావిడ అమ్మని పరామర్శించడానికి వచ్చింది. దాంతో నాన్న చెంబు మూలన పడేసి, చస్తే నడవనన్నాడు.

మమ్మల్ని గట్టెక్కించింది హైస్కూలు డ్రిల్లు మాస్టారు. సాయంత్రాలు బడి మైదానంలో ఆయనా, ఇంకొందరు మాస్టర్లూ, పోస్టాఫీసు గుమాస్తా కలిసి బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళు. పసుపురంగు ఊలు బంతి, జట్టుకి అయిదుగురు. ఒక రోజు ఒక మనిషి తగ్గాడు. దారిన పోతున్న నాన్నని పిలిచి, "రండి, ఊరికే మూల నిలబడండి, బంతి వస్తే తోసెయ్యండి" అన్నారట. నాన్న పంచె ఎగ్గట్టి నిలబడ్డాడు. బంతి వచ్చింది, తోశాడు. అంతే, ఆ సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి వేరే మనిషి. చొక్కా తడిసి ముద్దయింది, నవ్వు మొహం. "అబ్బ, ఏం ఆటే అది!" అని మా అందరికీ చెయ్యి తిప్పి చూపించాడు. పంచె కాళ్ళకి అడ్డం పడుతోందని తరవాత ఖాకీ నిక్కరు కుట్టించుకున్నాడు. నలభై దాటిన రైతు నిక్కరేసుకుని బజార్న నడుస్తుంటే ఊరు పడీపడీ నవ్వింది, ఆయన లక్ష్యపెట్టలేదు. డాక్టరు భయపెడితే నడవని మనిషి ఆట కోసం పరుగెత్తాడు. ఆకలి బాగా వేసి, సొరకాయ కూర కూడా మాట్లాడకుండా తినడం మొదలుపెట్టాడు. ఆ సంగతి ఇప్పుడు పెద్ద కనిపెట్టినట్టు టీవీలో చెప్తుంటారు.

అమ్మ ఆ ఖాకీ నిక్కరు ఉతుకుతూ, "పోన్లే, మనిషి బతికాడు" అనేది.

ఇక్కడే నాకు అసలు కోపం. ఆ ఏడాది పచ్చళ్ళు అప్పటికే పెట్టేశారు. కొరివికారం ఒక జాడీ, మాగాయ ఒకటి, గోంగూర ఒకటి, ఊరమిరపకాయలు డబ్బా నిండా. అన్నీ నాన్న తినే తిండికి సరిపడా పెట్టినవి. నాయనమ్మకి పళ్ళు లేవు. నాకు మొదట్నుంచీ పచ్చళ్ళు సయించవు. మరి వాటిని ఎవరు తినాలి? కష్టపడి దంచినది పారబోస్తారా? ఎవరికన్నా ఇద్దామంటే మా ఊళ్ళో పచ్చడి జాడీ లేని ఇల్లేది? నాన్న ఆటకి వెళ్ళినప్పుడు అమ్మ నిచ్చెన వేసి కొంచెం కొంచెం దింపుకునేది. అందరి భోజనాలూ అయ్యాక, వంటింటి గడప లోపల కత్తిపీట పక్కన కూర్చుని, అడుగున మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకుని తినేది. నాన్న కోసం వండిన చప్పిడి కూర అప్పటికే అయిపోయేది, లేదా పొద్దుటికి ఆయన కోసమని మూతపెట్టి దాచేది. నాన్న కంచంలోంచి తీసేసిన ఉప్పు ఎటూ పోలేదు, మూడడుగుల అవతల అమ్మ కంచంలో పడింది. కాపలా ఉద్యోగం అంత బాగా చేసిన నేను అటు వైపు కాపలా కాయలేదు. పైగా ఒకసారి నేనే నిచ్చెన పట్టుకున్నాను. అమ్మ పైనుంచి వంగి, "మీ నాన్నకి చెప్పమాక" అంటే దొంగల ముఠాలో చేరినట్టు సంబరపడ్డాను.

ఆ రోజుల్లో అమ్మ నుదుటి మీద ఎప్పుడూ శొంఠి పట్టు ఉండేది. తలనొప్పిగా ఉందని శొంఠికొమ్ము రాతి మీద అరగదీసి, ఆ గంధం నుదుటికి పట్టించుకుని పనిలో పడేది. ఎండలో తిరిగితే తలనొప్పి రాదా, మిరప ఘాటుకి రాదా, నిద్ర లేకపోతే రాదా అని అందరికీ తలో కారణం దొరికేది. నిద్రలో అమ్మ పక్కకి జరిగితే నాకు వచ్చేది శొంఠి వాసనే. అది అమ్మ వాసన అనుకునేదాన్ని. కిందటేడు మా ఆయనకి దగ్గు వస్తే శొంఠి కషాయం కాస్తూ ఏడ్చాను. ఆయన పొగ అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం మాత్రం వేరేగా గుర్తుంది. నాన్న పడుకున్నాడు, నాయనమ్మ పడుకుంది. నేను నాన్న బ్యాటూ బంతీ తీసుకుని దొడ్లో గోడకేసి కొట్టుకుంటున్నాను. అంట్లు తోమి లేచిన అమ్మ చూసి, "ఏదీ, ఒకసారి ఇటియ్యి" అంది. కొంగు బొడ్లో దోపుకుని, చేటతో చెరిగేటప్పుడు మణికట్టు విదిలించినట్టు విదిలించింది. బంతి నా నెత్తి మీదుగా వెళ్ళి కళ్ళంలో మిరపకాయల్లో పడింది. పరిగెత్తి తెచ్చాను. మళ్ళీ కొట్టింది, మళ్ళీ తెచ్చాను. ఊలు బంతి ఎర్రగా అయిపోయి, కొట్టినప్పుడల్లా కారం రేగి ఇద్దరం తుమ్ములు. తుమ్ముతూ నవ్వుతూ, నవ్వలేక కూర్చుంటూ ఎంతసేపు ఆడామో. అమ్మ అట్లా నోరు తెరిచి నవ్వడం నాకు అదొక్కటే గుర్తు. నాయనమ్మ లేచి వచ్చి, "ఇంటెడు పని పెట్టుకుని ఇదేం విడ్డూరమే, ఆడదానివి బ్యాటు పట్టుకోవడమేంటి?" అంది. అమ్మ బ్యాటు నా చేతికిచ్చి పశువుల పాక గుంజ పట్టుకుని నిలబడింది. "కళ్ళు తిరుగుతున్నయ్యే. ఘాటు ఎక్కినట్టుంది" అంది. నేను మంచినీళ్ళిచ్చాను. మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు.

నేను సత్తెనపల్లిలో ఇంటరులో చేరేనాటికి నాన్న పూర్తిగా కుదుటపడ్డాడు. ఊళ్ళో వైద్యం చేసే ఆరెంపీ డాక్టరు గారు వారానికోసారి పొద్దున్నే వచ్చి చూసేవారు. ఆయన పాదరసం పెట్టె తెరిచి, చేతికి పట్టీ చుట్టి, బంతి నొక్కుతుంటే పాదరసం పైకి పాకడం చూడటం మా అందరికీ వేడుక. నాన్నకి చూసేవారు. "నాకూ నాకూ" అంటే నవ్వుతూ నాకు చుట్టేవారు. నాయనమ్మ కూడా ముచ్చటపడి చూపించుకుంది. పట్టీ పట్టని చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే, అది లోపల ఆయనకి కాఫీ కలుపుతుండేది.

ఒక రోజు ఆయన కాఫీ అందుకుంటూ, "ఏవమ్మా, ఎప్పుడు చూసినా నుదుటి మీద ఆ పట్టేంటి? రండి, మీకూ ఒకసారి చూద్దాం" అన్నారు. అమ్మ, "నాకేమండీ డాక్టరు గారూ, గుండ్రాయిలా ఉన్నాను" అంది. అన్నది కానీ, తడిచేతులు కొంగుకి తుడుచుకుని, ఎందుకో వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆయన పట్టీ చుట్టారు. అదే సమయానికి నేను లోపలనుంచి దువ్వెనా రిబ్బన్లూ పట్టుకుని వచ్చాను. "అమ్మా, ఎనిమిదింటి బస్సెళ్ళిపోద్ది! జడ వెయ్యవా?" అని అరిచాను. గొంతులో విసుగు కూడా ఉంది, ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. అమ్మ ఆయన వైపు చూసి, "పిల్లకి బస్సు టైమైందండీ, వచ్చే వారం చూద్దురుగాని" అని పట్టీ తనే విప్పేసింది. నాకు రెండు జడలు వేసింది. గట్టిగా, అందంగా, రిబ్బన్లు సమంగా వచ్చేట్టు. నేను బస్సు అందుకున్నాను. వచ్చే వారం పత్తితీత మొదలైంది, ఆ పై వారం ఇంకేదో వచ్చింది. డాక్టరు గారు మరోసారి అడగలేదు. నేనడిగినా, "ఆవిడకి కసరత్తు ఎందుకమ్మా, పొద్దున్నుంచీ పనేగా" అనే రకమే ఆయన కూడా.

నేను గుంటూరులో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా హాస్టలుకి కబురొచ్చింది. నాన్నకే అనుకున్నాను. బస్సులో దారంతా నాన్న మొహమే కళ్ళముందు. వెళ్ళేసరికి నాన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు, మంచం మీద అమ్మ ఉంది. కళ్ళంలో కాయ ఏరుతూ ఏరుతూ పక్కకి ఒరిగిపోయిందట. కుడి చెయ్యి, కుడి కాలు. మాట ముద్దగా వచ్చేది. అమ్మకి అప్పటికి నలభై నిండి రెండేళ్ళు.

ఆరేళ్ళు బతికింది ఆ తరవాత. నాన్న బ్యాటు గోడకి తగిలించి మళ్ళీ ముట్టుకోలేదు. నాకంటే, నాయనమ్మకంటే ఎక్కువగా ఆయనే చేశాడు. చప్పిడి కూర తనే వండటం నేర్చుకుని, మెత్తగా కలిపి, ముద్దముద్దా నోట్లో పెట్టేవాడు. ఒకరోజు అమ్మ మొహం అటు తిప్పుకుని, "కొంచెం... ఉప్పు... వెయ్యవయ్యా" అంది. నాన్న ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. "నాకు మానిపించి నువ్వు తిన్నావు గదే. నాకు చెప్పలేదేందే?" అన్నాడు. అమ్మ ఎడమ చేత్తో ఆయన మోకాలు తట్టింది. ఆనాడు నిచ్చెన పట్టుకున్న నేను గుమ్మంలో నిలబడి విన్నాను. నాన్నకి చెప్పవద్దని అమ్మ నన్నే కదా అడిగింది.

నాన్న ఎనభై దాటి బతికాడు, ఆఖరి దాకా తన పని తను చేసుకుంటూ. బాగా తిని, ఇష్టమైన ఆట ఆడితే ఒళ్ళు బాగుపడుతుందనే దానికి మా ఇంట్లో సాక్ష్యం ఆయనే. నేను కాదనను. నాకు కడుపు మండేదల్లా ఆ మంచి మాట ఒక్కరి కంచం దగ్గరే ఎందుకు ఆగిపోయిందని. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, కొర్రలు తినండి, సామలు తినండి, రోజుకిన్ని అడుగులు వెయ్యండి అని చెప్పేవాళ్ళే. మా వీధిలో ప్రతి ఇంట్లో మగవాళ్ళు నడకకి వెళ్తారు, వాళ్ళు తిరిగొచ్చేసరికి జావ, మొలకెత్తిన పెసలు, కోసిన బొప్పాయి ముక్కలు బల్ల మీద ఉంటాయి. అవి వాటంతట అవే మొలకెత్తి, వాటంతట అవే కోసుకుని బల్ల మీదికి రావు. చెంబు పోయి బూట్లు వచ్చాయి, పాదరసం పోయి బ్యాటరీ వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి మాత్రం అక్కడే ఉంది.

ఆ మనిషి నేనే. సుధ వెళ్ళాక నా రోజు తిండి ఏమిటో గుర్తు చేసుకున్నాను. ఆయనకి కొర్రన్నం. నాకు? రాత్రి మిగిలిన అన్నం, పారెయ్యలేక. ఆయనకి తీపి పనికిరాదు కాబట్టి చుట్టాలు తెచ్చిన పొన్నూరు సున్నుండలు ఎవరు తింటున్నారు? నేనే, పాడైపోతాయని. ఆయన వద్దన్న ఆవకాయ సీసా ఎవరు ఖాళీ చేస్తున్నారు? అటకా లేదు, నిచ్చెనా లేదు, ఫ్రిజ్జు తలుపు తీస్తే చాలు. ఈ మధ్య పొద్దున్నే మెడ వెనక పట్టేస్తోంది. దిండు సరిగ్గా లేదనుకుంటున్నాను. అన్నిటికీ ఒక కారణం దొరికే ఇంట్లో పుట్టినదాన్ని కదా.

వెళ్ళేముందు సుధ మిషను ఎట్లా వాడాలో నాకు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "కదలకూడదమ్మా. మాట్లాడకూడదు. మాట్లాడితే అంకె తప్పొస్తుంది. రేపు పొద్దున్న ముందు నీది చూసుకుని, తరవాతే వంటింట్లోకి వెళ్ళు." సరేనన్నాను. సోమవారం చూసుకోలేదు, పనిమనిషి రాలేదు. మంగళవారం గ్యాసు అయిపోయింది. ఇవాళ ఇదంతా రాయడం మొదలుపెట్టి, అమ్మ పట్టీ విప్పేసిన చోటికి వచ్చేసరికి కలం పక్కన పెట్టి లేచాను. ఆయన మంచం పక్క స్టూలు మీద కూర్చుని, చేతికి పట్టీ చుట్టుకుని, రెండో మీట నొక్కాను. పట్టీ బిగుసుకోవడం మొదలైంది.

హాల్లోంచి మా ఆయన పిలిచాడు. "ఏమోయ్, ఎక్కడున్నావ్? జావ చల్లారిపోతోంది, వచ్చి గ్లాసులో పోస్తావా?"

నా చెయ్యి దానంతటదే పట్టీ మీదికి వెళ్ళింది, విప్పడానికి. దాన్ని అక్కడే ఆపి, "మీరే పోసుకోండి!" అని అరిచాను.

మాట్లాడితే అంకె తప్పొస్తుందట. మళ్ళీ మొదటినుంచీ నొక్కాను.